సెలైన్ స్టాండుతో చెప్పిన మాటలు

పదహారేళ్ళ కాపురంలో నేను మా మామతో ఒక్క మాట మాట్లాడలేదు. మా మధ్య గొడవలున్నాయనుకునేరు, అలాంటిదేం లేదు. మా తండా పద్ధతి అది. మామ ఎదుట కోడలు కొంగు ముక్కు దాకా లాక్కోవాలి, నోరు విప్పకూడదు, పొరపాటున కూడా ఆయనకు చెయ్యి తగలకూడదు. ఇప్పుడిప్పుడు చాలా ఇళ్ళల్లో వదిలేశారు. పక్కింటి పుష్ప అయితే వాళ్ళ మామ పక్కన కూర్చుని సీరియల్ చూస్తూ, ఇద్దరూ కలిసి అందులో అత్తను తిడతారు. మా ఇంట్లో మాత్రం అది నడవదు. మా మామ హీరాలాల్ తండాకు పెద్దమనిషి. పెద్దమనిషి ఇంట్లోనే పద్ధతి తప్పితే ఇంకొకరికి ఏం చెబుతాడు?

మా అత్త గోరి బతికున్నన్నాళ్ళూ ఇబ్బంది లేదు. ఆయన మాట నాకు, నా మాట ఆయనకు ఆమే చేరవేసేది. ఆమె పోయాక ఆ పని నా కూతురు సోని మీద పడింది. సోనిని గురుకులంలో చేర్చాక మాకు మేకే దిక్కయింది. నవ్వకండి. "ఏమే మేకా, బువ్వ సల్లారిపోతాంది, తినేటోళ్ళు వస్తే మంచిగుంటది" అని నేను మేకతో అంటే ఆయన లేచి వచ్చేవాడు. "మేకా, పప్పుల ఉప్పు జర ఎక్కువైంది" అని ఆయనా దానితోనే చెప్పేవాడు. మేం మాట్లాడుకునేది మా లంబాడీల గోర్ బోలీలో, మీకోసం తెలుగులో చెబుతున్నాను. మా ఇంటి సంగతులు ఆ మేకకు తెలిసినన్ని మా ఆయన సంతోష్‌కు కూడా తెలియవు. బయట ఈ ద్వాలీ నోటికి అందరూ భయపడతారు. మిరప చేలో మేస్త్రీ ఆడకూలీలను ఒక మాట తూలితే గట్టు మీద నిలబెట్టి కడిగేస్తాను. అంత నోరున్నదాన్ని ఇంట్లో మేకతో కాలక్షేపం చేస్తున్నాను.

అట్లాగని ఆయన చెడ్డవాడు కాదు. సోని పుట్టినప్పుడు ఆడపిల్లా అని అందరూ మూతి ముడుచుకుంటే, "కోడలిని ఏడ్వొద్దని చెప్పు, పిల్లను నేను సదివిస్త" అని అత్తతో చెప్పి పంపింది ఆయనే. గురుకులంలో సీటు కోసం చెప్పులరిగేలా తిరిగిందీ ఆయనే. ఆ మాట నేను మరిచిపోలేదు.

మొన్న మిరప కోతలప్పుడు జరిగింది ఇది. సంతోష్ మొదటి దఫా బస్తాలు వేసుకుని ఖమ్మం మార్కెట్ యార్డుకు పోయాడు. కల్లంలో మంచుకు కప్పిన పట్టాలు పొద్దున్నే తీసి కాయ తిరగేస్తున్నాం. మామ ఒక పట్టా అంచు ఎత్తాడు. కింద ఎర్ర తేలు. బొటనవేలి దగ్గర కుట్టింది. ఆయన చెయ్యి విదిలించి, చెప్పుతో దాన్ని ఒక్కటేసి, మళ్ళీ పట్టా లాగడం మొదలుపెట్టాడు.

"నొప్పి లేదానె అన్నా?" అని అడిగాడు ఆయన తమ్ముడు బిచ్యా.

"తేలుకు నొప్పయి ఉంటది, నాకేంది" అన్నాడు మామ.

కాసేపటికే మనిషి తీరు మారింది. ఎండకు మా అందరికీ చెమటలు పడుతున్నాయి గానీ ఆయన చెమట వేరు. నెత్తిన బిందె కుమ్మరించినట్టు కారుతోంది, మనిషేమో గజగజ వణుకుతున్నాడు. రెండుసార్లు కక్కుకున్నాడు. నోట్లో ఊట ఊరి గడ్డం మీదికి జారుతోంది.

మా దగ్గర తేలు కుట్టినా పాము కరిచినా మనిషిని పడుకోనివ్వరు. పడుకుంటే విషం గుండెకెక్కుతుందని, కన్ను మూస్తే ఇక తెరవడని భయం. ఇద్దరు చెరో చంక కింద చెయ్యేసి నడిపిస్తూనే ఉంటారు. చాలామంది బతికారు కూడా. మామూలు తేలు కుడితే నడిచినవాడూ బతుకుతాడు, కూర్చున్నవాడూ బతుకుతాడు, బ్యాండు పెట్టి ఎగిరినవాడూ బతుకుతాడు. ఎర్ర తేలు సంగతి వేరు. ఆ లెక్క ఆ పొద్దు నాకూ తెలియదు. బిచ్యా ఇంకొకడిని పిలిచి మామను మిరప రాశి చుట్టూ తిప్పడం మొదలుపెట్టాడు. ఆయన కాళ్ళు ఈడుస్తున్నాడు, అయినా పడనంటున్నాడు.

బిచ్యా కూడా నాకు మామ వరసే, ఆయనతోనూ మాట్లాడకూడదు. అందుకని ఆటో రాజేష్‌కు ఫోన్ చేసి, అందరికీ వినపడేలా అరిచాను. "రాజేషూ, ఆటో కల్లంలకే తీస్కరా. ఎవలు ఆగమన్నా ఆగకు. మా మామను దవాఖానాకు తోల్కపోవాలె, జల్దీ!"

"ఇంకో నాలుగు సుట్లు తిప్పితే దిగుద్ది" అన్నాడు బిచ్యా గాలితో.

"తిప్పినకొద్దీ మనిషి తెల్లగైతాండు రాజేషూ" అన్నాను నేను ఫోనుతో.

ఆటో వచ్చేసరికి మామ మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఇక బిచ్యానే మామను ఎక్కించి, మనుషులను పోగేసుకుని ట్రాక్టర్ మీద వెనకాలే వస్తానన్నాడు. నేను డ్రైవర్ పక్కన కూర్చున్నాను, మామ వెనక. దారి పొడుగునా ఒక్కసారి వెనక్కి తిరిగి చూశాను, అదీ కొంగు సందులోంచే.

దవాఖానాలో డాక్టరమ్మ పద్మప్రియ అని దమ్మపేట వైపు రైతుల బిడ్డ. నా ఈడుకు నాలుగైదేళ్ళు చిన్నది. మామ చేతులు పట్టి చూసింది, పాదాలు పట్టి చూసింది. మంచుగడ్డల్లా ఉన్నాయంది.

"నొప్పి ఎంతుంది పెద్దాయనా?"

"నొప్పేం లేదు" అన్నాడు మామ గర్వంగా.

ఆ మాటకు ఆమె ముఖంలో రంగు తగ్గింది. నన్ను పక్కకు పిలిచింది. "కుట్టిన చోట నొప్పితో గోల చేసేవాళ్ళకు నేను భయపడను. నొప్పి లేకుండా ఇట్లా చెమటలు పోసి చల్లబడేవాళ్ళకు భయపడతాను. చూడమ్మా, గుండె కొట్టుకోవడానికి, చెమట పట్టడానికి, రక్తనాళాలు బిగియడానికి, వదులవడానికి మనం ఏమైనా చెప్తామా? వాటిని నడిపే నరాలు వేరే ఉన్నాయి, వాటి పని అవి చేసుకుపోతాయి. తేలు విషం ఆ నరాలన్నిటినీ ఒకేసారి రెచ్చగొట్టింది. ఒళ్ళంతా రక్తనాళాలు బిగుసుకుపోయినయ్. చేలో మోటారు నడుస్తుంటే పైపు మడిచి పట్టుకుంటే ఏమవుతది?"

"మోటారు కాలిపోతది."

"ఈయన గుండె ఇప్పుడు ఆ మోటారు. ఇట్లాగే తోసి తోసి అలిసిపోతే ఊపిరితిత్తుల్లోకి నీళ్ళొస్తాయి. ఈ మాత్ర ఆ మడత విప్పుతుంది, నాళాలు వదులవుతాయి. అయితే ఒక చిక్కుంది. వదులైనప్పుడు మనిషి నిలబడితే రక్తమంతా కాళ్ళలోకి దిగిపోతుంది, మెదడుకు అందదు. ఠపీమని పడిపోతాడు. అందుకే మాత్ర వేశాక మంచం దిగనివ్వకు. కూర్చోనివ్వకు. ఒంటేలుకైనా లేపకు. పాదాలు పట్టి చూస్తూ ఉండు. వెచ్చబడితే గెలిచినట్టే. చల్లగానే ఉంటే మూడు గంటల తర్వాత ఇంకో మాత్ర."

"నేనా? పట్టుకోవాలా?"

"నువ్వు కాకపోతే ఎవరు? కూతురివే కదా?"

"కోడలిని."

"ఎవరైతే ఏమమ్మా" అంటూ ఆమె మాత్ర మింగించి, మామను వెల్లకిలా పడుకోబెట్టింది. అంతలో కాన్పు గదిలోంచి కేక వచ్చింది. ఆమె పరిగెత్తింది, ఆమె వెనక నర్సు పరిగెత్తింది. గదిలో నేను, మా మామ, మంచం పక్కన ఖాళీ సెలైన్ స్టాండు మిగిలాం.

ఎవరైతే ఏమమ్మా అని ఆమె ఎంత తేలిగ్గా అనేసింది! నేను కొంగు ఇంకాస్త కిందికి లాక్కుని గోడ వారగా నిలబడ్డాను. పాదాలు పట్టి చూడాలి, చెయ్యి ముందుకు రాదు. పదహారేళ్ళు రాని చెయ్యి ఒక్క పూటలో ఎట్లా వస్తుంది? దూరం నుంచే చూశాను. చూస్తే వెచ్చదనం తెలుస్తుందా నా పిచ్చి గాని!

కాసేపటికి మామ కదిలాడు. మోచేతి మీద లేవబోయాడు.

నేను సెలైన్ స్టాండు వైపు తిరిగాను. "ఏమే స్టాండూ, లేవొద్దన్నది డాక్టరమ్మ. మంచం దిగొద్దన్నది" అన్నాను.

మామ పైకప్పు వైపు చూశాడు. "పండుకుంటే విషం గుండెకెక్కుద్ది. పండుకున్నోడు సచ్చినోడితో సమానం" అని ఫ్యానుకు చెప్పాడు.

"లేస్తే పడిపోతరట స్టాండూ. గోలీ అట్లాంటిదట."

"నేను ఎవల ముందూ పండుకున్నోన్ని కాదు. ఫారెస్టోళ్ళు పోడు చేను గుంజుకుంటమని ట్రాక్టర్లు తెస్తే వాటి ముంగట నిలవడ్డ. తేలుకు పండుకుంటనా?" అన్నాడు ఫ్యానుతో.

చెప్పొద్దూ, ఆ మాటకు నా మనసులో మెచ్చుకున్నాను. అయినా మళ్ళీ అన్నాను, "స్టాండూ, జరసేపే." ఆయన అప్పటికి వెనక్కి వాలాడు. నా మాట విన్నాడో, సత్తువ లేక వాలాడో తెలియదు.

అప్పుడే బిచ్యా దిగాడు, వెనక నలుగురు మగవాళ్ళు. గుమ్మంలోంచి చూస్తూనే గుండెలు బాదుకున్నాడు. "ఓరి దేవుడా, పండవెట్టిన్రు! అన్నను పండవెట్టిన్రు! లేపున్రిరా!"

"స్టాండూ! లేపొద్దు! గోలీ వేసిన్రు, లేపితే పానం మీదికొస్తది!" నేను అరిచాను. నా గొంతు గది దాటి వరండాలోకి వినపడింది. ఆ నలుగురిలో ఒక్కడూ నా వైపు చూడలేదు. చూడకూడదు కదా, పెద్దమనిషి కోడలిని. మామ తానే చేతులు చాపాడు. వాళ్ళు చంకల కింద చేతులేసి ఎత్తారు. ఆయన నేల మీద రెండు కాళ్ళూ ఆనించి, నడుం నిటారు చేసి, గెలిచినవాడిలా నిలబడ్డాడు.

మూడు ఊపిరులు తీసేంతసేపు నిలబడ్డాడేమో. కళ్ళు పైకి తేలిపోయాయి. మోకాళ్ళు మడతపడి, అంత మనిషీ వాళ్ళ చేతుల్లోంచి తడిసిన బస్తాలా జారిపోయాడు.

"సంపిన్రు! గోలీ పెట్టి మా అన్నను సంపిన్రు!" బిచ్యా ఏడుపు అందుకున్నాడు. "మోయున్రి, ట్రాక్టర్‌ల ఎయ్యున్రి. తండాకు తీస్కపోదాం."

నా కొంగు ఎప్పుడు జారిందో నాకు తెలియదు. జారిందని తెలిశాక కూడా దాన్ని ఎత్తుకోలేదు. వాళ్ళ మధ్యలోకి దూరి, మామ భుజాలు పట్టి అక్కడే నేల మీద వెల్లకిలా పడుకోబెట్టాను. కాళ్ళ దగ్గర కూలబడి ఆయన రెండు మడమలూ ఎత్తి నా భుజాల మీద పెట్టుకున్నాను. రక్తం కాళ్ళలోకి దిగిపోతుందని డాక్టరమ్మ చెప్పింది కదా, దిగింది మళ్ళీ ఎక్కాలి. నాకు తట్టింది అంతే. మామ పాదాలు నా మెడకు తగిలాయి. ఎంత చల్లగా ఉన్నాయో! ఆ నలుగురిలో ఇద్దరు సిగ్గుతో ముఖం గోడకు తిప్పుకున్నారు. మనిషి చస్తుంటే వీళ్ళకు నా ముఖం సిగ్గయింది.

"సంపేది గోలీ కాదు, నువ్వు లేపుడు!" అన్నాను బిచ్యాతో. సూటిగా, ఆయన కళ్ళలోకి చూసి. "ఇందాకటి సంది మొత్తుకుంటాన్న, లేపొద్దు లేపొద్దని."

"ఎవలికి మొత్తుకున్నవ్? నాకు చెప్పినవా? మా అన్నకు చెప్పినవా? స్టాండుకు చెప్పినవ్!"

ఆ మాట నా గుండెలో దిగింది. నిజమే మరి. నోరున్నదాన్ని, విషయం తెలిసినదాన్ని, ఇనప కడ్డీకి చెప్పాను. ఒక్క క్షణం ఏడుపొచ్చింది. ఆ వెనకే ఇన్నేళ్ళ కోపమంతా వచ్చింది.

"అవ్, స్టాండుకే చెప్పిన. మేకకు చెప్పిన, గోడకు చెప్పిన. మీ పద్ధతి గట్లనే చెప్పమన్నది. ఇగ చెప్ప. ఇప్పటి సంది మనిషికే చెప్త. ఈయన మీద ఎవలన్న చెయ్యేసి లేపితే ఆ చెయ్యి ఇరగ్గొడ్త. వరస చూడ!"

డాక్టరమ్మ చేతి తొడుగులతోనే పరిగెత్తుకొచ్చింది. బీపీ చూసింది, బాగా పడిపోయిందంది. నర్సు వచ్చి సూది గుచ్చి సెలైన్ పెట్టింది. "కాళ్ళు అట్లాగే ఉంచమ్మా, దించకు" అంది నాతో. కాసేపటికి మామ మూలిగాడు. అంత మధురమైన మూలుగు నేను ఇంతవరకూ వినలేదు. అందరం పట్టి పడుకున్న మనిషిని పడుకున్నట్టే మంచం మీదికి చేర్చాం, ఈసారి నేను చెప్పినట్టు.

గండం గడిచిందనుకున్నాను. గడవలేదు. మాత్ర వేసి మూడు గంటలయ్యేసరికి మామ పాదాలు ఇంకా చల్లగానే ఉన్నాయి. ఊపిరి కొంచెం బరువెక్కింది. డాక్టరమ్మ బీపీ మళ్ళీ చూసి రెండో మాత్ర తెచ్చింది.

బిచ్యా అడ్డం నిలబడ్డాడు. "ఒక గోలీకే గట్లయింది. ఇంకోటి ఏస్తే లేస్తడా? మేం ఒప్పుకోం."

"పడిపోయింది మాత్ర పనిచేసినందుకే. నిలబెట్టకపోతే ఏమీ అయ్యేది కాదు. విషం ఇంకా దిగలేదు, ఈ మాత్ర వెయ్యకపోతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది" అంది ఆమె. తర్వాత మా ఇద్దరినీ చూసింది. "ఇంటివాళ్ళు వద్దంటే నేను బలవంతంగా గొంతులో వెయ్యలేను. ఎవరు చెప్తారు?"

సంతోష్‌కు ఫోన్ చేస్తే యార్డు గోలలో ఎత్తలేదు. ఇక మిగిలింది నేనే.

నాకు భయం వేయలేదంటే అబద్ధం. మొదటి మాత్ర డాక్టరమ్మ వేసింది, రెండోది నా మాట మీద పడుతుంది. ఆయనకేమైనా అయితే తండా నన్ను ఊపిరి తీసుకోనివ్వదు. రేపు సోని పెద్దదయ్యాక, మీ తాతను మీ అమ్మే మింగిందని దాని ముఖం మీదే అంటారు. ఆ పిల్లను బడికి పంపినవాడు ఈయన. ఈయన చస్తే నేను ఆ పిల్లకు ముఖం ఎట్లా చూపించాలి? వెయ్యొద్దని ఊరుకుంటే మాత్రం ఎట్లా చూపించాలి?

"వెయ్యి డాక్టరమ్మా" అన్నాను.

"నువ్వెవరు చెప్పనీకి? కోడలివి" అన్నాడు బిచ్యా. "మామ కాళ్ళు భుజాన పెట్టుకున్నవ్, ముసుగు తీసి మగోళ్ళ ముంగట అరిసినవ్. రేపు తండాల పంచాయితీ పెడ్త. ఇంట్ల ఉంటవో పుట్టింటికి పోతవో అప్పుడు తేలుద్ది."

"పెట్టు మామా. నేనే చాప ఏస్త. ఆ పంచాయితీకి పెద్దమనిషి ఈయనే కదా, రానీ. ఈయన తన కాళ్ళ మీద నడిచొచ్చి నాకు జుర్మానా ఏస్తే తలొంచి కడ్త. ఈయన రావాలంటే ముందు బతకాలె. గోలీ వెయ్యి డాక్టరమ్మా."

ఆమె వేసింది.

ఆ తర్వాత నేను మంచం కాలి దగ్గర నేల మీద కూర్చుని ఆయన పాదాలు రెండు చేతులతో పట్టుకున్నాను, మళ్ళీ వదల్లేదు. పగిలిన మడమలు, చిటికెన వేలి మీద పాత గొడ్డలి దెబ్బ మచ్చ. ఇన్నేళ్ళు ఒకే కప్పు కింద ఉండి ఈ మచ్చ నాకు తెలియదు. బిచ్యా, మిగతావాళ్ళు వరండాలో బీడీలు కాలుస్తూ నా గురించే మాట్లాడుకుంటున్నారు. వినపడాలనే మాట్లాడుకున్నారు. మాట్లాడుకోనీ.

ఎండ కిటికీ దిగుతుండగా నా అరచేతుల్లో తేడా తెలిసింది. ముందు నా చేతుల వేడే అనుకున్నాను. చేతులు తీసి, చీరకు తుడుచుకుని, మళ్ళీ పట్టుకున్నాను. కాదు, ఆ వెచ్చదనం ఆయనదే. మడమల నుంచి వేళ్ళ దాకా వచ్చింది. చెమట ఆరింది. ఊపిరి తేలికైంది. డాక్టరమ్మ వచ్చి తానూ పట్టి చూసి, నా తల మీద చెయ్యి పెట్టి వెళ్ళింది. అప్పుడు ఏడ్చాను, దాచుకోకుండా ఏడ్చాను.

ఏడుపు విని బిచ్యా లోపలికి ఉరికొచ్చాడు, అయిపోయిందనుకుని. మామ కళ్ళు తెరిచి ఉన్నాడు.

"అన్నా! బతికినవా అన్నా! లే, ఇగ ఈ దవాఖానాల ఉండొద్దు. ట్రాక్టర్ బయటనే ఉంది. కోడలు చేసిన పనికి నీ ఇజ్జత్ మొత్తం పోయింది, ఇంటికి పోయి మాట్లాడుకుందాం. లే" అంటూ ఆయన చంక కింద చెయ్యి పెట్టాడు.

నేను లేచి నిలబడ్డాను. చెయ్యి విరగ్గొడతానన్నాను కదా, ఆ మాట తప్పే ఉద్దేశం నాకు లేదు.

మామ మాత్రం తమ్ముడి వైపు చూడలేదు, పైన ఫ్యాను వైపు చూడలేదు. ముసుగు లేని నా ముఖం వైపు చూశాడు. పెళ్ళయి వచ్చాక ఆయన నా ముఖం చూడడం అదే మొదటిసారి. ఎండిపోయిన నోటితో అడిగాడు.

"ద్వాలీ... లేవమంటవా?"

"లేవొద్దు మామా" అన్నాను. "పండుకో."

ఆయన బిచ్యా చేతిని తన చంక కిందనుంచి తీసేసి, పడుకున్నాడు.